కేజ్-ఫ్రీ గుడ్లే వాడతామని మాటిచ్చిన రెస్టారెంట్ కంపెనీని గడువు దాటాక ఎలా నిలదీయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు తరచూ వెళ్లే ఒక పెద్ద రెస్టారెంట్ కంపెనీ, 2025 చివరికల్లా అన్ని శాఖల్లోనూ పంజరాల్లో పెంచని కోళ్ల గుడ్లే, అంటే కేజ్-ఫ్రీ గుడ్లే వాడతామని కొన్నేళ్ల కిందట ప్రకటించింది. గడువు దాటిపోయింది, వెబ్‌సైట్‌లోని ఆ ప్రకటన పేజీ కూడా తీసేశారు. వైజాగ్ సిరిపురంలో వాళ్ల అవుట్‌లెట్‌కి వెళ్లి అడిగితే మేనేజర్‌కి ఆ సంగతే తెలియదు. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని ఒక్క లైను వచ్చింది. ఒక్క మనిషిగా ఇంకేమైనా చేయగలనా, లేక వదిలేయడమేనా అని అడిగారు.

వదిలేయకండి, చేయగలరు. ఎందుకు మాట తప్పారని అడగడం మానేసి, ఇండియాలో మీరు కొనే మొత్తం గుడ్లలో కేజ్-ఫ్రీ ఎంత శాతం, మిగతావి ఏ తేదీకల్లా మారతాయి అని అడగండి. అడిగేది కౌంటర్ దగ్గర కాదు, ఆ గుడ్లకు బిల్లు కట్టే కంపెనీని, రాతపూర్వకంగా. నేను చెప్పేదంతా ఇంతే, కింద రాసిందంతా దీనికి వివరం.

నా సంగతి చెప్తే ఇదెందుకు అంటున్నానో తెలుస్తుంది. వైజాగ్‌లో హోటళ్ల పర్చేజ్ విభాగంలో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. గత ఆరేళ్లుగా హోటళ్లకి, ఫ్యాక్టరీ క్యాంటీన్లకి సరుకు ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లి తనిఖీ చేసి రిపోర్టు రాసే పని చేస్తున్నాను, గుడ్లు, చికెన్, పాలు ఎక్కువగా. అంటే మీరు రాసే ఉత్తరాలు వచ్చి పడే టేబుల్ వెనక కూర్చున్నవాడిని. జంతువుల్ని హింసిస్తున్నారు, సిగ్గులేదా అని వచ్చిన మెయిల్‌కి పీఆర్ వాళ్ల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది, అది పంపేసి మూసేస్తారు. 2024-25లో ఎన్ని గుడ్లు కొన్నారు, అందులో ఎన్ని కేజ్-ఫ్రీ అని వచ్చిన మెయిల్ మాత్రం పర్చేజ్ హెడ్ దాకా వస్తుంది, ఎందుకంటే పీఆర్ వాళ్ల దగ్గర ఆ అంకె ఉండదు. నేను పనిచేసిన ఒక చోట అలాంటి ఉత్తరం వచ్చాకే, అసలు మన దగ్గర ఈ లెక్క ఉందా అని మొదటిసారి అడిగారు. లేదు. ఆ నెల నుంచే గుడ్ల బిల్లుల్లో కేజ్-ఫ్రీకి వేరే కోడ్ పెట్టాం. ఒక ఉత్తరంతో అంత జరిగింది.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు కూడా ఈ జవాబు చదువుతారు కాబట్టి పంజరం గురించి కాస్త చెప్తాను. మన దేశంలో 2023-24లో 14 వేల కోట్లకు పైగా గుడ్లు వచ్చాయి, రాష్ట్రాల్లో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. ఆ గుడ్లలో చాలా భాగం బ్యాటరీ కేజ్‌ల నుంచి వచ్చేవే. ఇనుప తీగల గూళ్లు వరసలు వరసలుగా ఉంటాయి, ఒక్కో గూట్లో మూడో నాలుగో కోళ్లు. మన ఫారాల్లో ఒక కోడికి దొరికే చోటు సుమారు 450 నుంచి 550 చదరపు సెంటీమీటర్లు. జిరాక్స్ తీసే ఏ4 కాగితం 620 చదరపు సెంటీమీటర్ల పైనే ఉంటుంది, అంటే కోడి బతికే చోటు ఆ కాగితం కంటే తక్కువ. అందులో రెక్క చాపలేదు, మట్టిలో పొర్లలేదు, గుడ్డు పెట్టే ముందు చాటు వెతుక్కోవడం కోడికి పుట్టుకతో వచ్చిన గుణం, ఆ చాటూ ఉండదు. అనపర్తి వైపు ఒక లేయర్ ఫారానికి, అంటే గుడ్ల కోళ్ల ఫారానికి, మొదటిసారి వెళ్లినప్పుడు నేను చూడాల్సింది గుడ్ల శుభ్రత, ట్రేల లెక్క. కానీ ఒక గూట్లో ఓ కోడి మిగతా కోళ్ల కాళ్ల కిందకి తల దూర్చి దాక్కోవాలని చూస్తూనే ఉంది, నేను షెడ్డు ఆ చివరికి వెళ్లి తిరిగొచ్చేదాకా అదే పని. గుడ్డు పెట్టే వేళకి అలా చేస్తాయి సార్ అని అక్కడ పనిచేసే అమ్మాయి చెప్పింది. తర్వాత చాలా ఫారాలు చూశాను గానీ ఆ కోడి మాత్రం మనసులోంచి పోలేదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. జంతు హింస నివారణ చట్టం 1960లోని సెక్షన్ 11(1)(ఇ), కదలడానికి తగినంత చోటు లేని పంజరంలో జంతువుని ఉంచడం తప్పు అంటుంది. 2017 జులైలో లా కమిషన్ తన 269వ నివేదికలో గుడ్ల కోళ్లు, మాంసం కోళ్ల పెంపకం గురించి ప్రత్యేకంగా రాసింది. అయినా ఫారాల్లో పంజరాలు అలాగే ఉన్నాయి. యూరప్‌లో మామూలు బ్యాటరీ కేజ్‌లను 2012 జనవరి 1 నుంచి నిషేధించారు, గుడ్డు పెంకు మీదే అంకె ముద్రిస్తారు: 0 ఆర్గానిక్, 1 ఆరుబయట తిరిగేవి, 2 షెడ్డులో వదిలి పెంచినవి, 3 పంజరంలోవి. మన గుడ్డు మీద అలాంటి ముద్ర లేదు. అందుకే ఇక్కడ కంపెనీ ఇచ్చే మాటకి అంత విలువ. కొనేవాడికి గుడ్డుని చూసి తెలుసుకునే దారి లేనప్పుడు మాటని నమ్మాల్సిందే, నమ్మాం కాబట్టే లెక్క అడిగే హక్కు కూడా మనకుంది.

మొదటి పని: ఆ మాట ఎవరిచ్చారు, ఇండియాకి వర్తిస్తుందా అన్నది తేల్చుకోండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. మెక్‌డొనాల్డ్స్ 2015 సెప్టెంబర్‌లో చేసిన ప్రకటన అమెరికా, కెనడా వరకే. అమెరికాలో గడువు కంటే ముందే పూర్తిచేశామని 2024లో చెప్పింది కూడా. ఆ వార్త పట్టుకుని వైజాగ్ అవుట్‌లెట్‌లో అడిగితే వాళ్లు తప్పించుకున్నట్టు కాదు, ఆ మాట మనకి ఇచ్చిందే కాదు. అదే కేఎఫ్‌సీ పేరు సొంతంగా ఉన్న యమ్ బ్రాండ్స్ 2021లో ఇచ్చిన మాట 2030 కల్లా ప్రపంచమంతటికీ. క్యాంటీన్లు నడిపే సోడెక్సో 2016లో ప్రకటించింది కూడా ప్రపంచమంతటికీ, గడువు 2025. మీ కంపెనీ ప్రకటనలో 'గ్లోబల్' అని ఉందా, కొన్ని దేశాల పేర్లే ఉన్నాయా, 'సరఫరా అందుబాటులో ఉంటే' లాంటి మెలిక ఏదైనా పెట్టారా చూడండి. పేజీ తీసేశారని రాశారు కదా. పాత వెబ్ పేజీల్ని భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో ఆ అడ్రస్ వేసి వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది. దొరికితే తేదీతో సహా పీడీఎఫ్ తీసి పెట్టుకోండి. పేజీ మాయం కావడం కూడా ఒక జవాబే కాబట్టి ఎప్పుడు తీసేశారో నోట్ చేసుకోండి.

తర్వాత, బోర్డు మీద ఉన్న పేరు వేరు, గుడ్లు కొనే కంపెనీ వేరు. దక్షిణాదిలో మెక్‌డొనాల్డ్స్‌ని నడిపేది వెస్ట్‌లైఫ్ ఫుడ్‌వరల్డ్, డామినోస్‌ని నడిపేది జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్, రెండూ మన స్టాక్ మార్కెట్‌లో ఉన్నవే. విదేశీ కంపెనీ మాట ఇస్తుంది, ఇక్కడి కంపెనీ కొంటుంది, మీరు అడిగితే ఇద్దరూ ఒకరి మీదకి ఒకరు తోసేసే వీలుంటుంది. అందుకే ఉత్తరం ఇద్దరికీ ఒకేసారి, ఒకరికి రాసినట్టు రెండోవాళ్లకి కనిపించేలా పంపండి. బిల్లు మీద చిన్న అక్షరాల్లో కంపెనీ అసలు పేరు, జీఎస్టీ నంబరు ఉంటాయి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీరు తిన్న బిల్లే మీ మొదటి ఆధారం.

రెండోది: శాతం అడిగేటప్పుడు ఏ గుడ్లలో శాతమో కూడా అడగాలి. హోటల్ వంటగదిలోకి గుడ్డు మూడు నాలుగు రూపాల్లో వస్తుంది. ట్రేల్లో వచ్చే పెంకు గుడ్లు, పగలగొట్టి ప్యాక్ చేసిన లిక్విడ్ ఎగ్, పొడి, ఇవి కాక మయొనైజ్‌లో, కేకుల్లో, బన్నుల్లో కలిసి వచ్చేవి. నేను చూసిన ఒక కంపెనీ రిపోర్టులో నూరు శాతం కేజ్-ఫ్రీ అని ఉంది. లెక్క లోతుగా చూస్తే అది బ్రేక్‌ఫాస్ట్ కౌంటర్‌లో ఆమ్లెట్ వేసే గుడ్లకి మాత్రమే, బేకరీకి వెళ్లే గుడ్లు అందులో లేవు, ఆ హోటల్లో బేకరీ వాడకమే ఎక్కువ. అబద్ధం రాయలేదు, సగం రాశారు. కాబట్టి పెంకు గుడ్లు, లిక్విడ్, పొడి, ఇతర పదార్థాల్లో కలిసినవి అని నాలుగూ విడివిడిగా అడగండి. మన దగ్గర చాలా చోట్ల మయొనైజ్ ఎగ్‌లెస్ కాబట్టి కొన్ని చైన్లలో అసలు గుడ్ల వాడకమే తక్కువ, అలాంటివాళ్లకి మారడం ఇంకా సులువు. ఈ మాట మీ ఉత్తరంలో తప్పక రాయండి.

ఇక నాకు బాగా తెలిసిన భాగం. కంపెనీ అవును, మేం మారాం అందనుకోండి. అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

కోళ్ల లెక్కతో తెలుస్తుంది. మంచి లేయర్ కోడి ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది, అంటే వెయ్యి కోళ్లుంటే రోజుకి సుమారు 800 గుడ్లు. అంతకు మించి చాలా ఎక్కువ వస్తున్నాయంటే ఆ గుడ్లు ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టే. కొన్నేళ్ల కిందట ఒక హోటల్ తరఫున కొత్తవలస వైపు ఒక సప్లయర్ షెడ్డు చూడ్డానికి వెళ్లాను. రోజుకి 50 ట్రేలు, అంటే 1,500 కేజ్-ఫ్రీ గుడ్లు ఆ హోటల్ ఒక్కదానికే ఇస్తున్నాడు, ఇంకో చోటికి 20 ట్రేలు. షెడ్డు చక్కగా ఉంది, ఊక పరిచిన నేల, గుడ్లు పెట్టే పెట్టెలు, ఎక్కి కూర్చునే కర్రలు, ఫొటోలకి ఏ లోటూ లేదు. కోళ్లెన్ని అంటే 2,500 అన్నాడు. నాకు కళ్లతో లెక్క కుదరలేదు. మేత బిల్లులు చూపించమన్నాను. కోడి రోజుకి 110 గ్రాముల దాకా తింటుంది, 2,500 కోళ్లకి రోజుకి 275 కిలోలు, నెలకి ఎనిమిది టన్నుల పైనే కావాలి. అతని బిల్లుల్లో నాలుగు టన్నులు కూడా లేదు. చివరికి ఒప్పుకున్నాడు, ఉన్నవి 1,100 కోళ్లు, మిగతా గుడ్లు మామూలు ఫారం నుంచి హోల్‌సేల్ రేటుకి కొని ట్రేలు మార్చి ఇస్తున్నాడు. హోటల్ వాళ్లకి నిజంగానే తెలియదు. నమ్మి ఎక్కువ రేటు కడుతున్నారు.

ఈ తనిఖీ మీరు చేయలేరు, ఎవరూ మిమ్మల్ని షెడ్డులోకి రానివ్వరు. కానీ కంపెనీ చేసిందో లేదో అడగొచ్చు. సప్లయర్ ఫారంలో కోళ్లెన్ని, ఎన్ని బ్యాచ్‌లు, బయటి వాళ్లతో తనిఖీ ఎప్పుడు చేయించారు, మేత బిల్లులు చూశారా అని. ఎన్ని బ్యాచ్‌లు అని అడగడానికి కారణం ఉంది. కోడిపిల్ల గుడ్డుకి రావడానికి 18 నుంచి 20 వారాలు పడుతుంది, పాత బ్యాచ్ అమ్మేశాక కొత్తది అందుకునేదాకా ఒకే షెడ్డు ఉన్న రైతు దగ్గర గుడ్లుండవు. ఏడాది పొడవునా ఒకే సంఖ్యలో గుడ్లు ఇస్తున్నాననే ఒంటి షెడ్డు రైతుని నేను నమ్మను.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్తండి. బ్రౌన్ గుడ్డు, నాటు గుడ్డు, ఫ్రీ రేంజ్ గుడ్డు, కేజ్-ఫ్రీ గుడ్డు నాలుగూ ఒకటి కావు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, గోధుమ రంగు గుడ్లు పెట్టే కోళ్లని కూడా పంజరాల్లో పెంచుతారు. కేజ్-ఫ్రీ అంటే షెడ్డులోపల నేల మీద తిరిగే కోళ్లు, బయటికి వెళ్లనక్కర్లేదు. మన రైతులు డీప్ లిట్టర్ (నేల మీద ఊక పరిచి పెంచడం) అనేది దీనికి దగ్గరగా ఉంటుంది, గుడ్ల పెట్టెలూ కర్రలూ ఉంటేనే పూర్తి అయినట్టు. యూరప్ నియమం ప్రకారం చదరపు మీటరుకి 9 కోళ్లు మించకూడదు, ప్రతి 7 కోళ్లకి ఒక గుడ్ల పెట్టె, ఒక్కో కోడికి 15 సెంటీమీటర్ల కర్ర. మన దగ్గర నేను తనిఖీకి ఇదే కొలత వాడతాను. 'ఎన్‌రిచ్డ్ కేజ్' అని ఎవరైనా అంటే అది కాస్త పెద్ద పంజరమే, కేజ్-ఫ్రీ కాదు.

జవాబు రాకపోతే ఏం చేయాలి? ఒత్తిడి పెట్టే దారులు మూడున్నాయి, నా అనుభవంలో మొదటిది అన్నింటికన్నా బాగా పనిచేస్తుంది.

మొదటిది కంపెనీ సొంత నివేదిక. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక, అంటే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలి. వార్షిక నివేదికతో పాటే ఉంటుంది, ఎవరైనా దించుకోవచ్చు. అందులో ప్రిన్సిపల్ 2 కింద, ముడిసరుకుల్ని బాధ్యతగా సేకరించే పద్ధతి మీకు ఉందా, ఉంటే ఎంత శాతం అలా సేకరించారు అని సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది. కంపెనీ అక్కడ ఏదో ఒక శాతం రాస్తుంది. ఆ శాతంలో గుడ్లున్నాయా అని పేజీ నంబరుతో సహా అడగండి. తాము సంతకం పెట్టిన కాగితం గురించి అడిగినప్పుడు కంపెనీ సెక్రటరీ ఆఫీసు తేలిగ్గా తీసుకోదు. దీనికి తోడు ఆ కంపెనీ షేరు ఒక్కటి కొనుక్కోండి. ఒక్క షేరున్నా వార్షిక సర్వసభ్య సమావేశంలో మాట్లాడే హక్కుంటుంది. మార్చితో ఏడాది ముగిసే కంపెనీలు సెప్టెంబర్ చివరిలోపు ఈ సమావేశం జరపాలి, 21 రోజుల ముందు నోటీసు వస్తుంది, మాట్లాడాలనుకుంటే ముందే పేరు నమోదు చేసుకోమని అందులో ఉంటుంది. ఈ మధ్య చాలా కంపెనీలు వీడియోలోనే జరుపుతున్నాయి కాబట్టి ముంబయి వెళ్లక్కర్లేదు. నేను ఎంవీపీ కాలనీలో మా ఇంటి నుంచే ఒక కంపెనీ సమావేశంలో రెండు నిమిషాలు మాట్లాడాను. అప్పటికి ఆ కంపెనీ నా మూడు మెయిళ్లకి బదులివ్వలేదు. సమావేశంలో కూడా చూసి చెప్తామనే అన్నారు. కానీ పన్నెండు రోజుల తర్వాత శాతంతో, కొత్త గడువుతో లెటర్‌హెడ్ మీద జవాబొచ్చింది. ఆ శాతం చాలా తక్కువ, నాకు బాధేసింది. అయినా సరే, ఆ రోజు నుంచి వాళ్లు ఒక అంకెకి కట్టుబడ్డారు, మరుసటి ఏడాది అదే అంకె పట్టుకుని అడిగాను.

రెండోది వినియోగదారుల చట్టం. ఇక్కడ మీకు అతిగా ఆశ పెట్టదల్చుకోలేదు. 2025కల్లా మారతాం అన్నది భవిష్యత్తు మాట, దాన్ని పట్టుకుని కేసు నిలబడటం కష్టం. కానీ మెనూ మీదో యాప్‌లోనో 'మేం కేజ్-ఫ్రీ గుడ్లే వాడతాం' అని ఈ రోజున రాసి ఉండి అది నిజం కాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది తప్పుదోవ పట్టించే ప్రకటన. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫుడ్ ప్రకటనల మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలు కూడా ఉన్నాయి, చెప్పేది నిజమై ఉండాలని, తికమకపెట్టకూడదని. మెనూ ఫొటో తేదీతో తీసి, బిల్లు దాచుకోండి. సమాచార హక్కు దరఖాస్తు ప్రైవేటు కంపెనీ మీద పనిచేయదు, దాని మీద సమయం పోగొట్టుకోవద్దు.

మూడోది పదిమంది కలవడం. జంతు సంక్షేమ సంస్థలు ఇలాంటి ప్రకటనల జాబితాలు పెట్టుకుని ఏటా లెక్క అడుగుతుంటాయి, ప్రపంచ స్థాయిలో ఓపెన్ వింగ్ అలయన్స్ పని ఇదే. మీ దగ్గరున్న ఆధారాలు వాళ్లకీ పంపండి. బీచ్ రోడ్డులో ప్లకార్డు పట్టుకునే కన్నా, మీ ఆఫీసు క్యాంటీన్ టెండరులో ఈ శాతం రాయించగలిగితే ఎక్కువ పని జరుగుతుంది, నేను రెండు చోట్ల అలా రాయించాను.

ఒక మనవి. కౌంటర్ దగ్గర కుర్రాళ్లమీద, బేరర్లమీద అరవకండి, వాళ్ల చేతిలో ఏమీ లేదు. సోషల్ మీడియాలో మోసగాళ్లు అని కూడా రాయకండి, పరువునష్టం కేసు అని నోటీసు వస్తే మీకు టెన్షన్, అసలు విషయం పక్కకి పోతుంది. ఫలానా తేదీన అడిగాను, ఫలానా తేదీ దాకా జవాబు లేదు అని రాయండి. అది ఎవరూ కాదనలేరు.

కంపెనీ చెప్పే సాకులు నాకు కంఠతా వచ్చు. ధర ఎక్కువ అంటారు. నిజమే, ఎక్కువే. కానీ గుడ్డుకి ఆరు రూపాయలు ఎక్కువ అనుకున్నా రెండు గుడ్ల ఆమ్లెట్‌కి పన్నెండు రూపాయలు, అది అమ్మేది 250కి. ఈ లెక్క వేసి చూపించండి. బర్డ్ ఫ్లూ అంటారు. 2025 ఫిబ్రవరిలో తణుకు పక్క వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో వచ్చినప్పుడు గోదావరి జిల్లాలు ఎంత అల్లాడాయో నాకు తెలుసు, అలాంటప్పుడు గడువు ఆరు నెలలు జరిపితే నేను తప్పు పట్టను. కానీ 2018లో మాటిచ్చి 2024 దాకా ఒక్క ట్రే కూడా మార్చనివాళ్లు 2025 బర్డ్ ఫ్లూని చూపిస్తే ఒప్పుకోను.

ఎక్కువగా వినిపించేది సరఫరా లేదన్న మాట. దీనికి జవాబుగా ఒక రైతు సంగతి చెప్పాలి. చోడవరం దాటాక ఒక ఊళ్లో ఆయనకి చిన్న ఫారం ఉండేది. ఒక హోటల్ వాళ్లు కేజ్-ఫ్రీ గుడ్లు కావాలి, ఎన్ని పెట్టినా మేమే తీసుకుంటాం అన్నారు. మధ్యలో తీసుకెళ్లి మాట్లాడించింది నేనే. ఆయన ఆ రోజే అడిగాడు, "బాబూ, మూడేళ్లు తీసుకుంటామని కాగితం మీద రాసిస్తారా?" అని. రాసిస్తారు, ముందు షెడ్డు వేయండి అన్నాం. అప్పు తెచ్చి రెండువేల కోళ్లకి షెడ్డు వేశాడు. కాగితం రాలేదు. ఎనిమిది నెలలకి హోటల్లో పర్చేజ్ టీమ్ మారింది, కొత్తాయన రేటు చూసి ఆర్డర్ ఆపేశాడు. నోటి మాట నీటి మూట అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ గుడ్లన్నీ నెక్ (గుడ్ల ధర ప్రకటించే నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ) రోజువారీ రేటుకి, పంజరం గుడ్ల ధరకే అమ్ముకున్నాడు, నేల మీద పెంచే ఖర్చు మాత్రం ఎక్కువే. ఏడాది తిరక్కుండా ఆ షెడ్డులోనే పంజరాలు బిగించాడు. నేను వెళ్లి క్షమించమని అడిగాను, టీ ఇచ్చి పంపించాడు, ఏమీ అనలేదు. ఆ మౌనం నేను మర్చిపోలేను.

అందుకే సరఫరా లేదు అని ఏ కంపెనీ అయినా అంటే మీరు ఎంతమంది రైతులకి, ఎన్నేళ్లకి, ఏ రేటుకి కొనుగోలు ఒప్పందం రాసిచ్చారు అని తిరిగి అడగండి. వెబ్‌సైట్‌లో ప్రకటన చూసి ఏ రైతూ షెడ్డు వేయడు, బ్యాంకూ అప్పివ్వదు. ఒప్పందం రాయకుండా సరఫరా రాలేదనడం, విత్తు వేయకుండా పంట రాలేదనడమే.

మీ ఉత్తరం ఇలా ఉంటే చాలు, ఒక పేజీ దాటొద్దు:

"మీరు ఫలానా తేదీన ఇచ్చిన ప్రకటన జత చేశాను. గత ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో మీరు కొన్న పెంకు గుడ్లు, లిక్విడ్ ఎగ్, పొడి, గుడ్డు కలిసిన పదార్థాల్లో కేజ్-ఫ్రీ శాతం విడివిడిగా తెలియజేయండి. విశాఖపట్నం శాఖలకి ఈ శాతం ఎంత? మిగతావి ఏ తేదీకల్లా మారతాయి? ఎన్ని ఫారాలతో, ఎన్నేళ్ల ఒప్పందం ఉంది? బయటి తనిఖీ చివరిసారి ఎప్పుడు జరిగింది? 30 రోజుల్లో జవాబు కోరుతున్నాను. జవాబు వచ్చినా రాకపోయినా ఆ సంగతి తేదీతో సహా ప్రచురిస్తాను."

మెయిల్‌తో పాటు కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. వచ్చిన జవాబు ఇక్కడ పెట్టండి, అందులో అంకెలుంటే అవి కోళ్ల లెక్కకి సరిపోతున్నాయో లేదో నేను చూసి చెప్తాను.